గర్భిణి బరువును నెలనెలా ఎలా చూసుకోవాలి

కడుపుతో ఉన్న అమ్మాయికి సలహాలకు కొదవ ఉండదు. ఒకరు "ఇద్దరి కోసం తినాలమ్మా" అంటూ మరో గరిటె వడ్డిస్తారు. ఇంకొకరు "ఎక్కువ తింటే బిడ్డ లావై ఆపరేషన్ దాకా వస్తుంది, కాస్త తగ్గించు" అంటారు. ఇద్దరూ ప్రేమతోనే చెబుతారు కానీ ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు. మీరు తినే తిండి మీకూ బిడ్డకూ సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి చేతికందే కొలత మీ బరువే. అయితే ఒక రోజు తూచి చూసిన అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఒకే మిషన్ మీద, ఒకే పద్ధతిలో తూచి, వరుసగా రాసుకున్న అంకెలే చెబుతాయి. మన నెల్లూరు జిల్లాలో ఆ వరుస తరచూ ఒకే చోట తెగుతుంది. ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళ్లినప్పుడు బరువులు రాసే కార్డు ఒకచోట, మనిషి ఒకచోట అవుతారు. బరువును అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన నెలలూ అవే. అందుకే ఆ సంగతి గురించి ఇక్కడ కొంచెం ఎక్కువగా రాస్తున్నాను.

మొదటి పని: ఎత్తు, మొదటి బరువు రాయించుకోండి

నెల తప్పిందని తెలిసిన వెంటనే, మూడో నెల నిండేలోగా, మీ ఊరి ఏఎన్ఎం దగ్గర పేరు నమోదు చేయించుకోండి. ఆశా కార్యకర్తకు చెబితే ఆమే తీసుకువెళుతుంది. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటున్నా సరే, ఈ నమోదు మానవద్దు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు చేతికొచ్చేది ఇక్కడే. ఆ రోజే ఎత్తు కొలిపించుకోండి. చెప్పులు విడిచి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా పెట్టి నిలబడాలి. కొప్పు వేసుకుని ఉంటే విప్పేయండి, కొలబద్ద తలకు ఆనాలి కదా. ఎత్తు 145 సెంటీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే కాన్పు ఎక్కడ అన్నది ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి. పొట్టిగా ఉన్నవారిలో బిడ్డ తల బయటికి రావడానికి దారి ఇరుకయ్యే అవకాశం ఎక్కువ.

ఇక గర్భం రాకముందు మీ బరువెంత? చాలామందికి తెలియదు. "పెళ్లప్పుడు నలభై అయిదు ఉండేదాన్ని" అన్న జ్ఞాపకం మీద లెక్క కట్టవద్దు. గడచిన ఏడాదిలో జ్వరానికో దగ్గుకో ఆసుపత్రికి వెళ్లి ఉంటే పాత చీటీలో పై మూలన బరువు రాసి ఉంటుంది, వెతకండి. అదీ దొరకకపోతే పన్నెండు వారాలలోపు తూచిన బరువునే మొదటి బరువుగా తీసుకోవచ్చు, మొదటి మూడు నెలల్లో పెద్దగా పెరగదు కాబట్టి. అయిదో నెలలో మొదటిసారి తూచుకుంటే మాత్రం ఎక్కడ మొదలైందో తెలియదు కాబట్టి ఎంత పెరిగారో చెప్పడం కష్టం. నమోదుకు తొందరపెట్టేది అందుకే.

ఎంత పెరగాలో లెక్క వేసుకోండి

అందరికీ ఒకే అంకె వర్తించదు. సన్నగా ఉన్న అమ్మాయి ఎక్కువ పెరగాలి, ముందే లావుగా ఉన్నవారు తక్కువ పెరిగితే చాలు. ఇది తేల్చడానికి బీఎంఐ అనే లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో రాసి, దాన్ని దానితోనే గుణించి, వచ్చిన అంకెతో మొదటి బరువును భాగించాలి. 152 సెంటీమీటర్ల ఎత్తు, 47 కిలోల బరువు ఉన్న అమ్మాయిని తీసుకుందాం. 1.52ను 1.52తో గుణిస్తే 2.31. 47ను 2.31తో భాగిస్తే 20.3. అదే ఆమె బీఎంఐ.

లెక్క ఎందుకనుకుంటే ఇలా చూసుకోండి. అయిదు అడుగుల మనిషి గర్భానికి ముందు 43 కిలోల కంటే తక్కువ ఉంటే బరువు తక్కువ కింద లెక్క. 43 నుంచి 58 దాకా సరైన బరువు, 58 నుంచి 70 దాకా ఎక్కువ, 70 దాటితే స్థూలకాయం. నాలుగు అడుగుల పది అంగుళాలైతే ఈ హద్దులు 40, 54, 65 అవుతాయి. అయిదు అడుగుల రెండు అంగుళాలైతే 46, 62, 74.

మొత్తం పెరుగుదలకు ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన కొలత:

- బీఎంఐ 18.5 కంటే తక్కువైతే 12.5 నుంచి 18 కిలోలు
- 18.5 నుంచి 24.9 దాకా అయితే 11.5 నుంచి 16 కిలోలు
- 25 నుంచి 29.9 దాకా అయితే 7 నుంచి 11.5 కిలోలు
- 30, ఆపైన అయితే 5 నుంచి 9 కిలోలు

కవల పిల్లలైతే ఈ అంకెలు మారతాయి. సరైన బరువుతో మొదలైనవారు 17 నుంచి 25 కిలోల దాకా పెరగవచ్చు. ఆ లెక్కను డాక్టరే వేయాలి.

మన దేశంలో ఏఎన్ఎంలకు ఇచ్చే మార్గదర్శకాల్లో 9 నుంచి 11 కిలోలు అని ఉంటుంది. మీ ఏఎన్ఎం ఆ అంకె చెప్పి, ప్రైవేటు డాక్టరు 12 అని చెబితే ఎవరో ఒకరు తప్పు చెప్పారనుకోవద్దు. నెలకు ఎంత అన్న దగ్గర రెండు లెక్కలూ చాలావరకు కలుస్తాయి. మూడో నెల దాటాక నెలకు సుమారు 2 కిలోలు. కాకపోతే 40 కిలోలతో మొదలైన సన్నపాటి అమ్మాయి 9 కిలోలు పెరిగి "నాకు సరిపోయింది" అనుకోవడం నాకు ఇష్టం లేదు. ఆమె 12 దాటాలి. మన పల్లెల్లో అలా సన్నగా ఉండి తల్లులయ్యేవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు.

మరో మాట. భారతీయుల్లో షుగర్, బీపీ ముప్పు బీఎంఐ 23 దగ్గర నుంచే మొదలవుతుంది. కాబట్టి 23, 24 ఉన్నవారు పై హద్దు 16 దాకా వెళ్లాలని చూడకుండా 11.5, 12 దగ్గర ఉండేట్టు చూసుకుంటే మంచిది.

పెరిగిన బరువంతా కొవ్వు కాదు

"పన్నెండు కిలోలా! కాన్పయ్యాక అదంతా ఎలా తగ్గుతుంది?" అని భయపడేవారు ఈ లెక్క చూడండి. బిడ్డ సుమారు 3 కిలోలు. మాయ అర కిలో పైన. ఉమ్మనీరు ముప్పావు కిలో నుంచి కిలో. గర్భసంచి తానే పెరిగి కిలో దాకా అవుతుంది. రొమ్ముల్లో అర కిలో. తల్లి ఒంట్లో రక్తం కిలో పైన పెరుగుతుంది, ఒంట్లోని నీరు మరో కిలో పైన. మిగతా మూడు కిలోల చిల్లర కొవ్వుగా నిలవ ఉండి, తర్వాత పాలివ్వడానికి ఖర్చవుతుంది. ఈ మూడు కిలోల కోసమే తిండి తగ్గించుకుంటే ముందుగా కోత పడేది బిడ్డ ఎదుగుదలకు, తల్లి రక్తానికి.

చివరి నెలల్లో తిండి తగ్గిస్తే బిడ్డ చిన్నదై కాన్పు సులువవుతుందన్న నమ్మకం ఇప్పటికీ పోలేదు. బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుడితే ఒళ్లు వెచ్చగా ఉండదు, పాలు గట్టిగా పట్టలేదు, జబ్బులు త్వరగా అంటుకుంటాయి. కాన్పు బల్ల మీద సులువవుతుందో లేదో గానీ, పుట్టాక నెలల తరబడి కష్టం తప్పదు. పైగా తిండి లేక నీరసించిన తల్లికి నొప్పులు తీయడానికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

తూచుకునే పద్ధతి

ఇంట్లో మిషన్ ఉంటే వారానికి ఒకసారి, ఒకే రోజున తూచుకోండి. శుక్రవారం అనుకుంటే ప్రతి శుక్రవారం. రోజూ తూచుకోవద్దు. తాగిన నీళ్లు, తిన్న ఉప్పు, విరేచనం కాకపోవడం, ఇలాంటి వాటితో అర కిలో, కిలో అటూ ఇటూ కావడం మామూలే, దాన్ని చూసి ఊరికే దిగులు పట్టుకుంటుంది.

ఉదయం లేచి, మూత్రానికి వెళ్లి వచ్చి, టిఫిన్ చేయకముందు తూచుకోవాలి. వేసుకున్న బట్టలు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. నైటీ అయితే ఎప్పుడూ నైటీనే. ఒకసారి నైటీతో, మరోసారి పట్టుచీర, నగలతో తూచుకుంటే తేడా కిలో దాకా రావచ్చు. మిషన్‌ను గచ్చు మీద పెట్టండి, చాప మీద, దుప్పటి మీద పెట్టవద్దు. బండలు ఎగుడుదిగుడుగా ఉన్న చోట పెడితే మిషన్ ఊగుతుంది, అంకె కుదురుగా నిలవదు. ఎక్కే ముందు అది సున్నా చూపిస్తోందా అని చూడండి.

ముల్లు తిరిగే పాత రకం మిషన్ అయితే పక్క నుంచి చూసిన అంకె తప్పుగా కనిపిస్తుంది. మీరు నిలబడి ఉండగా మరొకరు ఎదురుగా వంగి చదవాలి. ఏడు, ఎనిమిది నెలలు వచ్చాక పొట్ట అడ్డమై కింది అంకె మీకెలాగూ కనబడదు. ఇక్కడే చాలామంది ఒక పని చేస్తారు. పడిపోతామేమోనని పక్కనున్న గోడ మీదో, బల్ల మీదో ఒక చెయ్యి ఆనిస్తారు. ఆ చేతి మీద ఎంత భారం వేస్తే మిషన్ మీద అంత తగ్గుతుంది. రెండు మూడు కిలోలు మాయమైనా ఆశ్చర్యం లేదు. అంగన్‌వాడీలో ఎవరినైనా తూచేటప్పుడు గమనించండి, చెయ్యి ఎక్కడుందో చూస్తే చాలు. ఎక్కేటప్పుడు ఎవరిదైనా చెయ్యి పట్టుకోండి, పైన కుదురుగా నిలబడ్డాక వదిలేయండి, ఊపిరి పీల్చి నిటారుగా ఉండండి, అప్పుడు అంకె చదివించుకోండి.

మిషన్ సరిగా ఉందో లేదో అనుమానం వస్తే తాగునీటి క్యాన్‌ను నిండుగా ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి తూచండి. ఇరవై లీటర్ల క్యాన్ అయితే తేడా 20 కిలోల దగ్గర రావాలి. కిలోల కొద్దీ తేడా చూపించే మిషన్‌ను నమ్మవద్దు.

ఇంట్లో మిషన్ లేకపోయినా ఫరవాలేదు. అంగన్‌వాడీలో ఉంటుంది, ఆరోగ్య ఉపకేంద్రంలో ఉంటుంది, నెలకోసారి ఊళ్లో జరిగే ఆరోగ్య, పోషకాహార దినాన తూస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్షలు చేసే ఏర్పాటు 2016 నుంచి ఉంది. ఆ రోజునూ వదులుకోవద్దు. నెలకోసారి ఒకే చోట తూచుకున్నా చాలు. ఏడో నెల నుంచి పదిహేను రోజులకోసారి వెళ్లగలిగితే ఇంకా మంచిది.

రాసుకోండి, గీత గీయండి

చిన్న నోటు పుస్తకంలో తేదీ, ఎన్నో వారం, బరువు, ఎక్కడ తూచారు అని నాలుగు గడులు గీసుకోండి. ఎన్నో వారమో లెక్క కట్టడానికి చివరిసారి బయట చేరిన మొదటి రోజు తేదీ కావాలి. బరువును దశాంశంతో సహా రాయండి. 51.4 అంటే 51.4 అనే రాయాలి, 51 అని కాదు. కార్డులో 48, 50, 52, 54 అని నున్నగా రెండేసి పెరిగిన వరుస కనబడితే, మిషన్ ఎక్కకుండానే రాశారేమో అని నాకు వెంటనే అనుమానం వస్తుంది. నిజంగా తూచిన బరువులు అంత పద్ధతిగా పెరగవు. మీ ఎదురుగా తూచి, అంకె మీకు చూపించి రాయమని అడగండి. అది మీ హక్కు, అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

పైన చెప్పిన 47 కిలోల అమ్మాయి విషయానికొస్తే, పన్నెండో వారానికి 48 అయిందనుకుందాం. అక్కడి నుంచి వారానికి 400 గ్రాముల చొప్పున పెరిగితే ఇరవయ్యో వారానికి 51 దాటాలి, ఇరవై ఎనిమిదో వారానికి 54.5 దగ్గర, ముప్పై ఆరో వారానికి 57.5 పైన, నెలలు నిండేసరికి 59 పైన ఉండాలి. సరైన బరువుతో మొదలైనవారికి వారానికి 350 నుంచి 500 గ్రాముల దాకా మంచిదే. సన్నగా ఉన్నవారికి అర కిలో. బరువెక్కువ ఉన్నవారికి 250, 300 గ్రాములు. స్థూలకాయులకు 200 చిల్లర చాలు.

గళ్ల కాగితం మీద అడుగున వారాలు, పక్కన కిలోలు రాసి చుక్కలు పెట్టి కలిపితే కంటికి ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఒక చుక్క పైకో కిందికో ఉంటే కంగారు పడవద్దు. వరుసగా రెండు మూడు చుక్కలు గీతకు కిందనే ఉన్నాయంటే, లేదా ఒక్కసారిగా ఎగిరాయంటే, అప్పుడు ఆగి అడగాలి.

మొదటి మూడు నెలలు

వేవిళ్లతో ఏదీ సయించదు. అర కిలో నుంచి 2 కిలోల దాకా పెరిగితే సరే, అసలు పెరగకపోయినా, ఒకటి తగ్గినా సాధారణంగా భయం లేదు. ఇంట్లో వండిన కూర వాసన పడకపోతే పెరుగన్నం, వేయించిన అటుకులు, మరమరాలు, అరటిపండు కొంచెం కొంచెంగా తింటూ ఉండండి. అయితే మొదటి బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే, అంటే 47 కిలోల మనిషి 2.3 కిలోలకు పైగా తగ్గితే, లేదా రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, మూత్రం తక్కువగా, ముదురు రంగులో వస్తుంటే, అది మామూలు వేవిళ్లు కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, సెలైన్ అవసరం కావచ్చు.

ఏడో నెల: ఇల్లు మారినప్పుడు

కావలిలో అత్తవారిల్లు, ఆత్మకూరు దగ్గర పుట్టిల్లు అనుకోండి. ఆరు నెలలు ఒక ఏఎన్ఎం చూసింది, ఒక మిషన్ మీద తూచింది. సీమంతం అయింది, అమ్మాయి పుట్టింటికి చేరింది. అక్కడి ఏఎన్ఎంకు ఈ అమ్మాయి కొత్త, మిషన్ కొత్త, కార్డు కావలిలో బీరువాలో ఉంది. కొత్త మిషన్ 55 చూపించింది. అది పెరుగుదలా, మిషన్ల మధ్య తేడానా? చెప్పేవారు ఉండరు.

దీనికి చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, వరుసగా చేయాలి, అంతే. బయలుదేరే రోజు ఉదయమో, ముందు రోజో, పాత మిషన్ మీద తూచుకుని రాయండి. పుట్టింటికి చేరిన మర్నాడు ఉదయం అదే నైటీతో అక్కడి మిషన్ మీద తూచుకోండి. రెండు రోజుల్లో ఒంట్లో నిజంగా పెరిగేది ఏమీ ఉండదు కాబట్టి, రెండింటికీ ఉన్న తేడా మిషన్లదే. పాతది 54.2, కొత్తది 55.1 చూపిస్తే, ఇకపై కొత్త మిషన్ అంకెల్లోంచి 900 గ్రాములు తీసేసి గీత మీద చుక్క పెట్టండి. నోటు పుస్తకంలో ఆ సంగతి ఒక వాక్యంగా రాసి పెట్టండి, ఎవరు చూసినా అర్థమయ్యేలా. ఇంట్లో ఉన్న మిషన్‌ను కారులో వెంట తీసుకువెళ్లగలిగితే ఈ లెక్క కూడా అక్కర్లేదు.

కార్డు, స్కానింగ్ రిపోర్టులు, రక్త పరీక్షల చీటీలు సారెతో పాటు ఒక సంచిలో పెట్టించండి. ఇది అత్తగారు తన చేతులతో పెట్టి పంపితే మరీ మంచిది. చేరిన వారంలోగా అక్కడి ఆశా కార్యకర్తను కలిసి, ఈ ఊరికి కాన్పుకు వచ్చానని చెప్పి పేరు రాయించుకోండి. పాత ఊరి ఏఎన్ఎంకు కూడా ఫోను చేసి చెప్పండి.

సీమంతంలో తొడిగిన గాజులు కాన్పు దాకా తీయకూడదంటారు. తీయనక్కర్లేదు. వాటి బరువు ఎంతో ఉండదు, కానీ అప్పటి నుంచి గాజులతోనే తూస్తున్నట్టు రాసుకుంటే సరి.

పుట్టింట్లో తిండి కూడా మారుతుంది. చూడటానికి వచ్చినవారంతా స్వీట్లు తెస్తారు, నెల్లూరు నుంచి వచ్చేవారి చేతిలో మలై కాజా పొట్లం తప్పక ఉంటుంది. అమ్మ కూర్చోబెట్టి వడ్డిస్తుంది, పని చేయనివ్వదు. ఆరు నెలలు నెలకు కిలోన్నర పెరిగిన అమ్మాయి ఒక్కసారిగా నెలకు మూడు కిలోలు పెరుగుతుంది. దాన్ని "పుట్టింటి నీళ్లు పడ్డాయి" అని సంతోషపడి వదిలేయకూడదు. అది తిండి వల్లా, వాపు వల్లా, షుగర్ వల్లా అన్నది పరీక్షించాకే తెలుస్తుంది.

ఒక్కసారిగా పెరిగితే

నెలలో 3 కిలోలు దాటినా, వారంలో కిలోకు మించినా, అదే రోజు బీపీ చూపించుకోండి, మూత్ర పరీక్ష చేయించుకోండి. ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90 లేదా ఆపైన ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే అది గుర్రపువాతానికి (గర్భిణికి వచ్చే ఫిట్స్‌కు) దారితీసే జబ్బు. ఒంట్లో నీరు చేరడం వల్ల ముందుగా మిషన్ మీదే బయటపడవచ్చు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బి, పడుకుని లేచేసరికి తగ్గితే అది మామూలే. ముఖం, చేతులు ఉబ్బి, ఉంగరం బిగుసుకుంటే మామూలు కాదు. విడవని తలనొప్పి, కళ్లు మసకలు కమ్మడం, రొమ్ము కింద పొట్ట పై భాగంలో నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది ఉన్నా మర్నాటి దాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి. ఉదయగిరి, సీతారామపురం వైపు ఊళ్ల నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి చేరడానికి గంటలు పడుతుంది, ఆ గంటలను ముందే లెక్కలో పెట్టుకోవాలి.

ఈ భయం ఉన్నప్పుడు ఉప్పు మానేయడం, నీళ్లు తగ్గించడం, పూటలు మానడం వంటి సొంత వైద్యం చేయవద్దు. అవి జబ్బును తగ్గించవు.

షుగర్ పరీక్ష మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య ఒకసారి చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 లేదా ఆపైన ఉంటే గర్భంతో వచ్చిన షుగర్ కింద లెక్క. పరగడుపున వెళ్లనక్కర్లేదు, తిని వెళ్లినా చేస్తారు. అంటే ఏడో నెల ప్రయాణానికి ముందే ఈ పరీక్ష అయిపోవాలి.

పెరగకపోతే

మూడో నెల దాటాక పైన చెప్పిన లెక్క ప్రకారం పెరగాల్సినంత పెరగడం లేదంటే ముందు అడగాల్సిన ప్రశ్న "ఏం తింటున్నావు" కాదు, "ఎప్పుడు తింటున్నావు, ఎవరి తర్వాత తింటున్నావు". అందరికీ వడ్డించి, చివరికి మిగిలిన చారుతో కోడలు అన్నం కలుపుకునే ఇళ్లు మనకు కొత్త కాదు. పప్పు గిన్నె అడుగంటాక ఆమె కూర్చుంటుంది. అత్తగారికి నా విన్నపం: ఈ తొమ్మిది నెలలు కోడలికి ముందు వడ్డించండి. గుడ్డు, పాలు ఆమె వాటాగా పక్కన పెట్టండి. అంగన్‌వాడీ నుంచి ఇంటికి వచ్చే గుడ్లు, పాలు, రాగి పిండి, బెల్లం, చిక్కీ వంటివి పిల్లలకు పంచితే, ఆమె పేరున వచ్చినా ఆమెకు అందనట్టే.

రెండో ప్రశ్న పని గురించి. కోవూరు, ఇందుకూరుపేట వైపు నాట్లకు వెళ్లేవారు, రొయ్యల కంపెనీల్లో రోజంతా నిలబడి పని చేసేవారు తినేది బిడ్డకు చేరకముందే ఖర్చవుతుంది. పగలు రెండు గంటలు ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి, రాత్రి ఎనిమిది గంటలు నిద్ర కావాలి. బరువు పెరగని అమ్మాయి విషయంలో ఇది కూడా మందు లాంటిదే. ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. రోహిణి కార్తె ఎండల్లో అన్నం సయించదు, చెమటతో నీరంతా పోతుంది, మిషన్ మీద కిలో తగ్గినట్టు కనబడుతుంది. మజ్జిగ, నిమ్మరసం, గంజి, కొబ్బరినీళ్లు తాగుతూ, చల్లపొద్దున, పొద్దుగూకాక కడుపునిండా తినండి.

ఎంత అదనంగా తినాలంటే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు సుమారు 350 కేలరీలు. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశనగలు కలిపితే అంతే అవుతుంది. ఇద్దరి కోసం తినడం అంటే ఇంతే. మొలగొలుకుల అన్నమైనా, రేషన్ బియ్యమైనా, అన్నం ఒక్కటే పెంచితే మాంసకృత్తులు అందవు. చివరి మూడు నెలల్లో రోజుకు మరో 22 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పప్పు గట్టిగా వండుకోండి, శనగలు, పెసలు నానబెట్టుకోండి. చేపల పులుసు మన ఇళ్లలో ఎలాగూ ఉంటుంది, చెరువు చేపలు, చిన్న చేపలు వారానికి రెండుసార్లు తినవచ్చు. సొర చేప మాత్రం గర్భంతో ఉన్నప్పుడు వద్దు. పెద్ద చేపలను తినే ఆ చేప ఒంట్లో పాదరసం ఎక్కువగా చేరి ఉంటుంది.

నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర రోజుకొకటి, కాల్షియం రోజుకు రెండు, రెండింటినీ వేర్వేరు వేళల్లో వేసుకోవాలి. ఐరన్‌తో పాటు టీ, కాఫీ తాగవద్దు. నులిపురుగుల మాత్ర నాలుగో నెల తర్వాత ఏఎన్ఎం ఇస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా పదిహేను రోజుల్లో మిషన్ కదలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. రక్తహీనత, మూత్రంలో ఇన్ఫెక్షన్, థైరాయిడ్, అదుపు తప్పిన షుగర్, ఇలా కారణాలు చాలా ఉండవచ్చు. పొట్ట ఎత్తు కొలవమనండి. ఇరవై నాలుగో వారం తర్వాత ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు ఉంటుంది, రెండు అటూ ఇటూ ఉండవచ్చు. అదీ తక్కువ ఉంటే బిడ్డ ఎదుగుదల చూసే స్కానింగ్ రాస్తారు. నెలలు నిండిన చివరి వారాల్లో బరువు ఆగిపోవడం, కొద్దిగా తగ్గడం మాత్రం మామూలే. బిడ్డ కదలిక సరిగా ఉంటే దానికి దిగులు పడవద్దు.

ముందే బరువెక్కువ ఉన్నవారు

గర్భంతో ఉండగా బరువు తగ్గించుకోవాలని చూడకండి. ఉపవాసాలు, కార్తీక సోమవారాలు, ఒంటిపూట భోజనాలు ఈ ఏడాది వద్దు. స్వీట్లు, బజ్జీలు, కూల్ డ్రింకులు తగ్గించి, సాయంత్రం అరగంట నడిస్తే చాలావరకు సరిపోతుంది. పెరగాల్సింది తక్కువే అయినా పెరగాలి.

కాన్పయ్యాక

కాన్పు రోజునే అయిదారు కిలోలు తగ్గుతాయి. ఆరు వారాల తర్వాత బిడ్డకు టీకాలు వేయించడానికి వెళ్లినప్పుడు మీరూ మిషన్ ఎక్కండి. పథ్యం పేరుతో కారప్పొడి, అన్నంతో నెట్టుకురావద్దు, నీళ్లు తగ్గించవద్దు. పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో తల్లికి గర్భంలో కంటే ఎక్కువ తిండి కావాలి, రోజుకు సుమారు 600 కేలరీలు అదనం. నెలకు కిలో చొప్పున నెమ్మదిగా తగ్గితే చాలు. ఏడాది తిరిగాక ఒకసారి తూచుకుని, ఆ బరువును తేదీతో సహా అదే నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. రెండో బిడ్డ కావాలనుకున్నప్పుడు, కనీసం రెండేళ్లు ఆగి, మొదటి బరువు కోసం వెతుక్కోకుండా అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టవచ్చు.